గాంధారం మీద పెన్ను పెడితే గురువు గారి గొంతు వినిపిస్తుంది

సంగీతం నేర్చుకునే ఎవరి ఫోన్ అయినా తీసి చూడండి, వాయిస్ రికార్డర్‌లో గంట, గంటన్నర ఫైళ్ళు కుప్పలు తెప్పలుగా ఉంటాయి. ఏ ఫైల్లో ఏ కీర్తన ఉందో పేరు పెట్టుకున్నా సరే, అనుపల్లవి (పల్లవి తర్వాత వచ్చే భాగం) మూడో సంగతి (అదే పంక్తిని కొద్ది మార్పులతో మళ్ళీ పాడే తీరు) అందులో ఎక్కడుందో కావాలంటే మాత్రం ఆ గీతని వేలితో ముందుకీ వెనక్కీ లాగుతూ కూర్చోవాలి, అది దొరికేలోపు శ్రుతి పెట్టుకుని సాధనకి కూర్చున్న మూడ్ కాస్తా పోతుంది. పక్కనే నోట్సు ఉంటుంది, సాహిత్యం, దాని పైన స్వరాలు, తాళం గీతలు అన్నీ ఉంటాయి, చూడగానే మూడో సంగతి ఎక్కడుందో తెలిసిపోతుంది, కానీ ఎలా పాడాలో అందులో సగమే ఉంటుంది.

ఈ రెండింటినీ కలిపే పెన్ను గురించే ఈ పోస్టు. స్మార్ట్‌పెన్ అంటారు. నేను వాడేది లైవ్‌స్క్రైబ్ ఎకో, 2010లో వచ్చిన మోడల్, అమెరికాలో ఉండే మా అన్నయ్య తను చదువుకున్నప్పుడు వాడి, పని అయిపోయాక నాకు ఇచ్చాడు. మామూలు బాల్‌పెన్నులాగే రాస్తుంది, కాస్త లావుగా ఉంటుంది, అందులోనే మైకు, స్పీకరు, ముల్లు పక్కన చిన్న కెమెరా. రాస్తున్నంతసేపూ వినబడేదంతా రికార్డ్ చేస్తుంది, పైగా ఏ గీత ఏ సెకనులో గీశామో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఇంటికి వచ్చి ఆ కాగితం మీద ఏ అక్షరం మీద పెన్నుతో తడితే ఆ అక్షరం రాస్తున్నప్పుడు గురువు గారు ఏం పాడుతున్నారో అక్కడి నుంచి వినిపిస్తుంది. అంతే, అది చేసేది ఇదొక్కటే అనుకోండి, కానీ సంగీతం పాఠానికి ఇంతకన్నా కావలసింది ఏముంది అని నాకు నిజంగా అనిపిస్తుంది.

ఎందుకంత చెప్తున్నానంటే తోడి రాగం తీసుకోండి. స్వరం రాసుకునేటప్పుడు "గ" అని ఒక్క అక్షరం రాస్తాం, అంటే గాంధారం, అందులో ఈ రాగానికి వచ్చే రకం పేరు సాధారణ గాంధారం, అయిపోయింది. కానీ పాడేటప్పుడు ఆ గాంధారం ఒక్క చోట నిలబడదు, కింది స్వరం రిషభం (రి) దగ్గర నుంచి పై స్వరం మధ్యమం (మ) దాకా ఊగుతుంది, అసలు ఆ ఊపే తోడి. ఎంత ఊగాలి, ఎక్కడ ఆగాలి, పై స్వరానికి వెళ్ళేటప్పుడు ఒకలాగా కిందకి దిగేటప్పుడు ఒకలాగా, ఇదంతా కాగితం మీద రాయడానికి గుర్తులు లేకపోలేదు గానీ క్లాసులో ఆ స్పీడులో ఎవరు రాయగలరు, రాసినా రేపు చూసి పాడగలమా. నా నోట్సులో ఒక పేజీలో అనుపల్లవి ఎత్తుగడ దగ్గర "గ , రి" అని ఉంటుంది, పక్కన కంగారుగా గీసిన ఒక అల గీత, ఆ అల గీత చూస్తే నాకేం గుర్తు రాదు, కానీ దాని మీద పెన్ను ముల్లు ఆనిస్తే చాలు, వెనకాల తంబూరా, గురువు గారు "అలా కాదమ్మా, రిషభం నుంచి తీసుకో" అనడం, ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ ఆ గాంధారం. నాలుగు సార్లు తట్టి నాలుగు సార్లు వింటాను. కావాలంటే స్పీడు తగ్గించి వింటాను, ఆ బటన్ కూడా కాగితం మీదే ముద్రించి ఉంటుంది.

ఇది పనిచేసే పద్ధతి తెలిశాక నాకు ఇంకా ఇష్టం పెరిగింది. ఆ కాగితం మామూలు కాగితం కాదు, దూరం నుంచి చూస్తే కొంచెం బూడిద రంగులో ఉన్నట్టు ఉంటుంది అంతే, కానీ భూతద్దం పెట్టి చూస్తే పేజీ అంతా సన్న సన్న చుక్కలు. ఆనోటో అనే స్వీడన్ కంపెనీ కనిపెట్టిన చుక్కలివి. 0.3 మిల్లీమీటర్ల ఎడంతో గళ్ళు ఉన్నాయనుకోండి, ప్రతి చుక్కా గడి మూల మీద సరిగ్గా ఉండదు, కాస్త పైకో కిందకో కుడికో ఎడమకో జరిగి ఉంటుంది. అంటే ఒక్కో చుక్క నాలుగు రకాల్లో ఒకటి. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు చుక్కలు కెమెరాకి కనబడితే చాలు, అంటే రెండు మిల్లీమీటర్లు కూడా లేని చోటు, ఆ అమరిక ఇంకెక్కడా ఉండదు, కాబట్టి ఇది ఏ పుస్తకం, ఏ పేజీ, పేజీలో ఏ చోటు అనేది పెన్నుకి తెలిసిపోతుంది. ఈ లెక్కతో మొత్తం 6 కోట్ల చదరపు కిలోమీటర్ల కాగితం వేరు వేరుగా ముద్రించొచ్చట, అంటే యూరప్, ఆసియా రెండూ కలిపినా దానికన్నా తక్కువే.

పెన్నులో ఉన్న కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో చూస్తుంది. చుక్కలు కార్బన్ ఉన్న నల్ల సిరాతో ముద్రిస్తారు, అది ఆ వెలుతురుని పీల్చుకుంటుంది కాబట్టి చుక్కలు నల్లగా కనబడతాయి, మనం రాసే రీఫిల్ సిరాలో కార్బన్ ఉండదు కాబట్టి అది కెమెరాకి కనబడనే కనబడదు. అందుకే రాసిన దాని మీదే మళ్ళీ తట్టినా పెన్ను తికమక పడదు. అందుకే బయట దొరికే ఏదో ఒక రీఫిల్ తెచ్చి వేసుకోకండి, దీనికి సరిపడేదే కొనండి.

ఈ పెన్ను వెనక ఉన్న మనిషి జిమ్ మార్‌గ్రాఫ్. అంతకు ముందు లీప్‌ఫ్రాగ్ అనే పిల్లల బొమ్మల కంపెనీలో లీప్‌ప్యాడ్ అని తాకితే మాట్లాడే పుస్తకం, తర్వాత 2005లో ఫ్లై అనే పెన్ను తెచ్చాడు, ఆ తర్వాత లైవ్‌స్క్రైబ్ పెట్టి 2008లో పల్స్ అనే మొదటి స్మార్ట్‌పెన్ వదిలాడు. అయితే రాతనీ శబ్దాన్నీ ముడిపెట్టే ఆలోచన ఇంకా పాతది, 1990ల్లోనే ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో లీసా స్టైఫెల్‌మన్ ఆడియో నోట్‌బుక్ అని చేసి చూపించారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ పెన్నుల ప్రకటనల్లో ఎక్కువగా చెప్పేది చేత్తో రాసింది టైపు అక్షరాలుగా మారుతుంది అని. నా మటుకు అది అవసరమే లేదు. మన క్లాసు నోట్సు ఎలా ఉంటుంది, సాహిత్యం తెలుగులో, స్వరాలు తెలుగులో, మధ్యలో "స్లో", "రిపీట్ ట్వైస్" అని ఇంగ్లీషులో, బాణం గుర్తులు, అల గీతలు, కొట్టివేతలు. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్ చదివి ఏం చేస్తుంది? కానీ గీతకీ సెకనుకీ ముడివేయడానికి పెన్ను ఆ అక్షరాన్ని చదవక్కర్లేదు. తెలుగైనా ఉర్దూ అయినా బొమ్మ అయినా పిచ్చి గీత అయినా దానికి ఒకటే, ఈ గీత ఈ చోట ఈ సమయానికి పడింది, అంతే. మన భాషకి సపోర్ట్ ఉందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేకుండా, అప్‌డేట్ కోసం ఎదురు చూడకుండా మొదటి రోజు నుంచి తెలుగులో పూర్తిగా పనిచేసే వస్తువులు మనకి ఎన్ని ఉన్నాయి చెప్పండి. నాకు దీని మీద ఇంత అభిమానం రావడానికి అసలు కారణం ఇదే.

వాడే పద్ధతి కొంచెం ఉంది. గురువు గారు పాడుతుంటే తల వంచుకుని రాయడం పాఠానికి మంచిది కాదు, చూడాలి, వినాలి, వెంట పాడాలి. కాబట్టి కొత్త సంగతి మొదలవగానే పేజీ ఎడమ పక్క ఒక చుక్క గుర్తు పెట్టి సంగతి నెంబరు వేస్తాను, అంతే, పెన్ను పక్కన పెట్టేస్తాను, స్వరాలు ఇంటికి వెళ్ళాక తీరిగ్గా విని రాసుకుంటాను. సందేహం ఉన్న చోట చిన్న సున్నా. గురువు గారు మాటల్లో ఏదైనా చెప్తే, అంటే ఈ ప్రయోగం (ఈ స్వరాల వరస) వాళ్ళ గురువు గారు ఎలా పాడేవారో లాంటిది, మాట అని గుర్తుగా "మా" అని రాసి వదిలేస్తాను. ఇంటికి వచ్చాక ఆ పేజీ చూస్తే పెద్దగా రాసింది ఏమీ ఉండదు, కానీ పాఠం మొత్తం అందులోనే ఉంటుంది. మనం ఎప్పుడూ విన్న తర్వాతే రాస్తాం కదా, అందుకని తట్టిన చోట నుంచి మొదలైతే సంగతి మొదటి మాట పోవచ్చు, పేజీ కింద వెనక్కి వెళ్ళే బటన్ ముద్రించి ఉంటుంది, దాన్ని ఒకసారి తడితే సరిపోతుంది.

ఒక ఇబ్బంది ఉంది, పెన్నులోనే మైకు ఉంది కాబట్టి రాస్తున్నప్పుడు కాగితం మీద గరగర శబ్దం కూడా రికార్డ్ అవుతుంది. ఉపన్యాసానికైతే పర్వాలేదు, గమకం, అంటే స్వరంలోని ఆ ఊపు, వినాలంటే చికాకే. తక్కువ రాయడం వల్ల నాకు ఆ బాధ చాలా వరకు లేదు. శ్రుతి పెట్టెకి మరీ దగ్గరగా కూడా పెట్టకండి, తంబూరా తప్ప ఇంకేం వినబడదు.

పుస్తకాలు మాత్రం ప్రత్యేకంగా కొనాలి, మన వీధి చివర స్టేషనరీ షాపులో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ఖరీదు కూడా ఎక్కువే. ఎకోకి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చుక్కల కాగితం మనమే ప్రింట్ తీసుకునే వీలు ఉంది, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేదా ఇంకా మెరుగైన కలర్ లేజర్ ప్రింటర్ కావాలి, ఇంక్‌జెట్ పనికిరాదు. ఈ కాగితం ఖర్చు పెట్టుకోలేం అనుకుంటే వేరే దారులున్నాయి. ఐప్యాడ్ ఉన్నవాళ్ళకి నోటబిలిటీ యాప్ ఇదే పని చేస్తుంది, శాంసంగ్ నోట్స్‌లో కూడా ఎస్ పెన్‌తో రాస్తూ రికార్డ్ చేసుకుంటే రాతకీ శబ్దానికీ ముడి ఉంటుంది, ఇంట్లో ఆ ఫోనో ట్యాబో ఇప్పటికే ఉంటే ముందు అది వాడి చూడండి. లైవ్‌స్క్రైబ్ 3, నియో స్మార్ట్‌పెన్ లాంటి వాటిల్లో పెన్నులో మైకు ఉండదు, రికార్డింగ్ ఫోన్ యాప్ చేస్తుంది. నేనైతే కాగితమే అంటాను, పాఠం చెప్పేటప్పుడు గురువు గారి ముందు వెలిగే స్క్రీన్ పెట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు, అది నా అభిప్రాయం.

అడగకుండా మాత్రం ఎప్పుడూ రికార్డ్ చేయకండి. చూడటానికి పెన్నే కదా, ఎదుటివాళ్ళకి తెలియదు, అందుకే ఇంకా ముందుగా చెప్పాలి. నేను పెన్ను చూపించి, తట్టి వినిపించి, "రికార్డ్ చేసుకోవచ్చా అండీ" అని అడిగితే గురువు గారు "చేసుకో అమ్మా, కానీ ఎవరికీ పంపకు, పాఠం చెప్పే గొంతు వేరు కచేరీ గొంతు వేరు" అన్నారు. ఆ మాట ప్రకారం ఇంతవరకు ఒక్క ఫైలు బయటికి వెళ్ళలేదు. అమెరికాలో చదివే మన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, కాలిఫోర్నియాలో అయితే టీచర్ ఒప్పుకోకుండా క్లాసులో రికార్డ్ చేయకూడదని చట్టమే ఉంది. వైకల్యం వల్ల నోట్సు రాసుకోలేని విద్యార్థులకి అక్కడి కాలేజీలే ఇలాంటి పెన్నులు ఇస్తుంటాయి, డిస్లెక్సియా ఉన్నవాళ్ళు, విన్న స్పీడుకి రాయలేనివాళ్ళు ఒక్క గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. మన దగ్గర కాలేజీలు కూడా ఇది ఆలోచించాలి, అడిగే పిల్లలు ఉన్నారు.

కొన్నవాళ్ళకి చివరగా ఒక్క పని చెప్తాను, వెంటనే మొదలుపెట్టండి. లైవ్‌స్క్రైబ్‌ని 2015లో ఆనోటోనే కొనేసింది, ఇలాంటి వస్తువుల్లో కంపెనీలు మారతాయి, సాఫ్ట్‌వేర్ మారుతుంది, అందుకని పాఠాలు పెన్నులోనే ఉంచేయకండి. ఆడియోని కంప్యూటర్‌లోకి దించి, ఫైల్ పేరులో పుస్తకం నెంబరు, పేజీ నెంబరు, రాగం, తాళం రాయండి, పేజీని ఫోటో తీసి అదే పేరుతో పక్కనే పెట్టండి, గుర్తు పెట్టిన ప్రతి సంగతి పక్కన అది ఎన్నో నిమిషంలో ఉందో పెన్సిల్‌తో వేసుకోండి. రేపు పెన్ను పాడైనా మూడో సంగతి ఎక్కడుందో వెతుక్కోకుండా దొరుకుతుంది.