మీటర్ 71 అంది, బండి 34 దగ్గర ఆగింది

ఆమధ్య ఒక ఆదివారం బండి తోశాం. దూరం పెద్దదేం కాదు, కిలోమీటరున్నర. కానీ 170 కిలోల బండిని మిట్ట మధ్యాహ్నం, జాకెట్ కూడా విప్పకుండా, నేను హ్యాండిల్ పట్టుకుని, మా తమ్ముడు వెనక నుంచి తోస్తుంటే కిలోమీటరున్నర అంటే ఎంతో బాగా తెలిసింది. ఒళ్లు మండిన విషయం ఏంటంటే, ఆగిపోవడానికి ఒక అరగంట ముందు అదే బండి మీటర్‌లో ఇంకా 71 కిలోమీటర్లు వెళ్లొచ్చని రాసుంది.

జరిగింది ఇది. కొండ మీద ఉండగానే పెట్రోల్ లైట్ వెలిగింది. రేంజ్ 62 అని చూపిస్తోంది. ఘాట్ దిగడం మొదలుపెట్టాం. ముప్పై అయిదు కిలోమీటర్లు దిగాం, ఆ నంబర్ తగ్గాల్సింది పోయి 64, 68, చివరికి 71 అయింది. "అన్నా, 71 అంటోందిగా, ఈ బంక్‌లో అంత క్యూ ఎందుకు, ముందున్న బంక్‌లో కొట్టిద్దాం పద" అన్నాడు వాడు. నాకూ అదే సబబు అనిపించింది. కింద చదును రోడ్డు, ఎదురుగాలి, ఇద్దరం, 95 స్పీడు. 34 కిలోమీటర్లకి ఇంజిన్ ఒకసారి వెక్కింది, తేరుకుంది, మళ్లీ వెక్కింది, ఆగింది.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే ఆ మీటర్ మరీ అబద్ధం చెప్పలేదని అర్థమైంది. దాన్ని నేను తప్పుగా చదివాను.

ఇప్పటి ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్‌కి ఒక విషయం చాలా బాగా తెలుసు: ఇప్పటిదాకా ఎంత పెట్రోల్ కాల్చిందో. ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎన్నిసార్లు తెరుచుకుంది, ఒక్కోసారి ఎంతసేపు తెరిచుంది అనేది అదే చూసుకుంటుంది కాబట్టి ఆ లెక్క బాగానే వస్తుంది. తెలియనివి రెండు. ట్యాంక్‌లో నిజంగా ఎంత మిగిలిందో సరిగ్గా తెలియదు, ముందున్న రోడ్డు ఎలా ఉందో అసలే తెలియదు. అందుకని ఇంతకుముందు ఇచ్చిన మైలేజే ఇకముందూ ఇస్తుందనుకుని గుణించేస్తుంది. నేను గేర్‌లో, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నంతసేపూ ఇంజెక్టర్ దాదాపు మూసుకునే ఉంది, మైలేజ్ అమాంతం పెరిగింది, దాంతో రేంజూ పెరిగింది. కింద రోడ్డు మీద కథ మొత్తం తిరగబడింది. 70 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డం దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది స్పీడు వర్గంతో పెరుగుతుంది. ఎదురుగాలి ఉంటే దానికీ లెక్క వేసుకోవాలి. మామూలుగా 42 ఇచ్చే నా బండి ఆ అరగంటలో 26 కూడా ఇచ్చి ఉండదు.

ఇక ట్యాంక్‌లో ఎంతుందో కొలిచే పద్ధతి. లోపల తేలే చిన్న డబ్బా, దానికో తీగ చెయ్యి, ఆ చెయ్యి రెండో కొస ఒక రెసిస్టర్ (కరెంట్‌ని అడ్డుకునే) పలక మీద రుద్దుకుంటూ కదులుతుంది. చాలా బండ్లలో అంతే, ఇంకే మాయా లేదు. చిక్కు ఎక్కడంటే బైక్ ట్యాంక్ డబ్బాలా నలుచదరంగా ఉండదు, ఫ్రేమ్ మీద గుర్రానికి జీను వేసినట్టు కూర్చుంటుంది: పైన వెడల్పు, కింద మధ్యలో మిట్ట, దానికి అటో కాలు ఇటో కాలు. మట్టం ఒక అంగుళం పడితే పైన లీటర్లకి లీటర్లు ఖర్చయినట్టు, కింద ఆ అంగుళంలో ఉండేది కొంచెమే. పైగా మూత దాకా నింపితే తేలే డబ్బా పైకప్పుకి తగులుకుని ఆగిపోతుంది, ఆ పైన ఎంత పోసినా దానికి లెక్కలేదు. నా బండిలో మొదటి గీత 130 కిలోమీటర్లు కదలదు, చివరి రెండూ తలా 40కే మాయం. గీతలు ఆరున్నాయి కదా అని ట్యాంక్‌ని ఆరుతో భాగించడం నేను చాలాకాలం చేసిన పని, సిగ్గుపడాల్సిన పని.

ఒకసారి సైడ్ స్టాండ్ వేసి, కీ ఆన్‌లో ఉంచి, ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాను. ఒక గీత ఉన్నది కాస్తా రెండు గీతలైంది. పెట్రోల్ ఎడమ వైపుకి జారింది, తేలే డబ్బా లేచింది, అంతే. నడుపుతున్నప్పుడు ఇలా ఎగరకుండా ఉండటానికి మీటర్ నెమ్మదిగా సగటు తీసుకుని మారుతుంది, అందుకే నిజం కన్నా కాస్త వెనకే ఉంటుంది.

మా నాన్న బండికి ఇవేవీ లేవు. ట్యాంక్ కింద కాక్, అంటే పెట్రోల్‌కి చిన్న కుళాయి: ఆన్, రిజర్వ్, ఆఫ్. లోపల రెండు గొట్టాలు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పొడుగు గొట్టానికి పెట్రోల్ అందనప్పుడు బండి ఆగుతుంది, కిందికి వంగి కాక్ తిప్పితే పొట్టి గొట్టం అందుకుంటుంది. అది అంచనా కాదు, గొట్టం ఎత్తు. "రిజర్వ్‌లో పడిందా, ముందు పెట్రోల్, తర్వాతే ఏ పనైనా" అనేవారు. (ఆ తర్వాత కాక్ మళ్లీ ఆన్‌కి తిప్పడం మర్చిపోయి ఆయనే రెండుసార్లు తోసుకొచ్చారు, అది వేరే కథ.) ఇంజెక్షన్ బండికి ట్యాంక్‌లోనే కరెంట్ పంపు ఉంటుంది, చాలావాటిలో సుమారు 3 బార్ ప్రెషర్‌తో తోస్తుంది, కాబట్టి ఆ కాక్‌కి చోటు లేదు. ఆ పంపుని చల్లబరిచేది కూడా పెట్రోలే. తరచూ ఖాళీ ట్యాంక్‌తో నడిపితే ముందు పోయేది అదే, కొత్తది వేయించాలంటే చిన్న ఖర్చు కాదు.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తాను. బండి నిటారుగా పెట్టి, ప్రతిసారీ ఒకే గుర్తు దాకా కొట్టించి, ట్రిప్ మీటర్ జీరో చేస్తా. లైట్ వెలగ్గానే దగ్గర్లో ఎక్కడుంటే అక్కడ మళ్లీ అదే గుర్తు దాకా నింపిస్తా. మూడుసార్లు చేశాను: 10.3, 10.1, 10.4 లీటర్లు పట్టింది. ట్యాంక్ 13 అని బుక్‌లో ఉంది. అంటే లైట్ వెలిగేసరికి రెండున్నర పైనే ఉంటుంది, కానీ పంపు మూతికి అందకుండా అడుగున మిగిలేదానికి అరలీటరు తీసేశాను. మిగిలిన రెండు లీటర్లని నా మంచి మైలేజ్‌తో కాదు, 26తో గుణించాను. 52. లైట్ వెలిగాక 50 కిలోమీటర్లే నావి, మీటర్ ఏం రాసినా సరే. కొన్ని బండ్లలో లైట్ వెలిగిన క్షణం నుంచి దూరాన్ని సున్నా నుంచి పైకి లెక్కపెట్టే ట్రిప్ ఉంటుంది. నాకైతే రేంజ్ నంబర్ కన్నా అదే వంద రెట్లు నచ్చుతుంది. అది జోస్యం చెప్పదు, జరిగింది చెప్తుంది.

తోయడానికి ముందు ఒక పని చేశాం, పనికొస్తుందని చెప్తున్నా. బండిని పంపు ఉన్న వైపుకి బాగా వంచాం, అవతలి కాలులో ఇరుక్కున్న పెట్రోల్ గళగళమని ఇటు దూకడం చెవికి వినపడింది. కీ ఆన్ చేసి, పంపు చప్పుడు ఆగేదాకా ఉండి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్, ఇలా మూడుసార్లయ్యాక స్టార్ట్ కొడితే అందుకుంది. రెండు కిలోమీటర్లు పోయింది. అక్కడి నుంచి తోపుడే. మధ్యలో తమ్ముడు రొప్పుతూ "ఇప్పుడెంత చూపిస్తోంది?" అనడిగాడు. రేంజ్ చోట మూడు అడ్డగీతలున్నాయి.

నిన్న వాడికే బండి ఇచ్చాను. బుద్ధిగా ఫుల్ ట్యాంక్ కొట్టించాడట, ఊరంతా తిరిగాడట, ఎంత తిరిగాడో వాడికే తెలియదు. తిరిగొచ్చాక, అన్న లెక్క చెడిపోకూడదని, గేటు ముందు ట్రిప్ మీటర్ జీరో చేసి మరీ కీ చేతిలో పెట్టాడు. ఇందాకే మూత తెరిచి ఫోన్ టార్చ్ వేసి లోపలికి తొంగి చూశాను. ట్యాంక్ మధ్య మిట్ట ఇంకా మునిగే ఉంది.