అమ్ముగూడ నుంచి చాదర్‌ఘాట్ దాకా, సైకిల్ మీద

పొద్దున ఆరింటికి అమ్ముగూడ రైల్వే స్టేషన్ దగ్గర సైకిలెక్కాను. ఈ దారిన ఒక్కసారైనా పోయి రావాలని మా పీఈటీ సార్ ఎన్నిసార్లు అన్నారో. రిటైరయ్యాక వెళ్దాం అన్నారు, మోకాళ్ళు బాగయ్యాక అన్నారు. పోయిన కార్తీకంలో ఆయనే వెళ్ళిపోయారు.

వరంగల్ దగ్గర మా హైస్కూల్లో వానకి గ్రౌండ్ బురదైతే సార్ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి సయ్యద్ అబ్దుల్ రహీం కథ చెప్పేవారు. ఇండియా ఫుట్‌బాల్ కోచ్ అని మొదలుపెట్టేవారు కాదు. "చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఒక సార్ ఉండేవారురా" అనేవారు. నిజమే, 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం సాబ్ ముందు బడిపంతులే. కాచిగూడ మిడిల్ స్కూల్లో, తర్వాత ఇంకో మూడు బళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటలు చూసుకున్నారు. 1943లో సిటీ పోలీస్ జట్టు, 1950లో ఇండియా జట్టు ఆయన చేతికొచ్చాయి. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు మన పోలీసులదే.

లాల్‌బజార్ దాటి తిరుమలగిరి చేరేసరికి బస్సుల రద్దీ మొదలైంది. కార్ఖానా దగ్గర చైన్ ఊడింది. చేతులకు గ్రీజు అంటించుకుని బిగిస్తుంటే తులసీదాస్ బలరాం గుర్తొచ్చాడు. అమ్ముగూడ కుర్రాడు. మొదటి బూట్లు పోలీసుల పాత బూట్లతో కుట్టించుకున్నవి. హైదరాబాద్ వచ్చి ఆడమని రహీం సాబ్ పిలిస్తే, రానుపోను డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిల్ తీసుకోమని సాబ్ రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ రూపాయిలోనే అద్దె పోగా మిగిలిన అణాలతో టిఫిన్ తినేవాణ్నని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఇదే నేను తొక్కుతున్న దూరం. 1956లో ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ట్యాంక్‌బండ్ మీద గాలి చల్లగా తగిలింది. కాసేపు ఆగాను. సార్ ఉంటే ఇక్కడే జకార్తా సంగతి ఎత్తుకునేవారు. 1962 ఆసియా క్రీడల నాటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. తలకి కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే. తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో సాబ్ కన్నుమూశారు.

ఎల్బీ స్టేడియం అంటే ఒకప్పటి ఫతే మైదాన్. గేటు బయట కిట్ బ్యాగులతో పిల్లలు లోపలికి పోతున్నారు. బలహీనమైన కాలికి బలం రావాలని ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట రహీం సాబ్. అది విని మా సార్ శుక్రవారం శుక్రవారం ఎడమకాలి మ్యాచ్ పెట్టేవారు. కుడికాలు తగిలితే ఫౌలే. సార్ చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అది. ఆటలో వెనకబడ్డవాడికి ఆ ఒక్కరోజు అందరితో సమానంగా ఉండేది. ఆ వెనకబడ్డవాణ్ని నేనే.

చాదర్‌ఘాట్ వంతెన చేరేసరికి తొమ్మిదిన్నర. కింద మూసీ, పక్కన యూనిఫాంలో పిల్లలు బడికి పరుగు. సైకిల్ గోడకి ఆనించి సార్ ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తారు.

"అమ్మా, చాదర్‌ఘాట్‌లో ఉన్నాను. సార్ చెప్పిన దారినే వచ్చాను."

కాసేపు మాట రాలేదు అటునుంచి.

"టిఫిన్ తిన్నావా నాయనా?" అన్నారు.