భీమిలి రోడ్డు మీద ఒక మంగళవారం

డిసెంబరు చలి విశాఖలో ఏమంత ఉండదు గానీ, పొద్దున్నే బీచ్ రోడ్డెక్కితే చెవులకు తెలుస్తుంది. మఫ్లర్ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుని, సందులో బండి బయటికి తీశాను. 1988 మోడల్ బుల్లెట్. గేర్లు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. సెల్ఫ్ స్టార్ట్ ఎరగని బండి.

దీన్ని స్టార్ట్ చెయ్యడమంటే నాకు చాలా ఇష్టం. కిక్ రాడ్‌ని కాలితో మెల్లగా నొక్కుతూ, కరెంటు చూపే ఆమీటరు ముల్లు చూడాలి. ముల్లు మధ్యకు వచ్చి నిలబడిందంటే పిస్టన్ పైదాకా చేరినట్టు. అప్పుడు ఎడమచేతి దగ్గర, సిలిండర్లో ఒత్తిడి వదిలించే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని కిక్ ఇంకొంచెం దించి, లివర్ వదిలేసి, కిక్‌ని పైకి రానిచ్చి, ఒక్క నిండు తొక్కు తొక్కాలి. బలంతో కన్నా ఓపికతో పలికే ఇంజన్ ఇది. ఇవాళ మొదటి తొక్కుకే అందుకుంది.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇదే బండి మీద దక్షిణానికి, స్టీల్ ప్లాంటుకి పరుగు. పొద్దుటి ‘ఎ’ షిఫ్టయితే చీకట్లోనే బయలుదేరాలి. దారిలో ఏం కనిపించినా ఆగే వీలుండేది కాదు. రిటైరయ్యాక హ్యాండిల్ ఉత్తరానికి తిప్పాను. ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతాను. ఈ బండి నడపడంలో నాకు దొరికే సుఖమంతా అందులోనే ఉంది.

రుషికొండ దాటి మంగమారిపేట దగ్గర ఒకసారి ఆగాను. అలలు తొలిచిన రాతి తోరణం చూసి, ఫ్లాస్కులో టీ తాగాను. తొట్లకొండ పైకి ఎక్కలేదు. రాతిలో తొలిచిన నీటి తొట్లు, బౌద్ధ విహారం పునాదులు తీరిగ్గా చూడాలంటే దానికి విడిగా ఒక పూట కావాలి.

నేరుగా ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాను. బండి రోడ్డు పక్కనే పెట్టి నడిచాను. ఆ ఇసుక పట్టు లేనిది, టైర్లు తగిలితే అంచులు విరిగిపోతాయి. వానలు కోసిన లోతైన గండ్లు, గాలిలో వేలాడే వేళ్ళు, పైన జీడిమామిడి చెట్లు, తాటిచెట్లు. ఇసుక రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పూత వల్ల ఆ ఎరుపు. నా ఉద్యోగమంతా ఆ ఎరుపుతోనే గడిచింది. స్టీల్ ప్లాంటులోని సింటర్ విభాగంలో బైలదిలా గనుల ఇనుప ఖనిజం పొడిని సున్నపురాయితో, కోక్ పొడితో కలిపి కాల్చి, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌కి పంపేవాళ్ళం. చొక్కా కాలర్లకు పట్టిన ఆ దుమ్ము ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. ఆ రోజుల్లో అది వదిలించుకోవాల్సిన మురికి. ఇవాళ అదే రంగు కోసం చెట్టు నీడలో కూర్చుని పెన్సిళ్ళు వెతుకుతున్నాను!

బొమ్మలు వెయ్యడం రిటైరయ్యాకే మొదలుపెట్టాను. మంచు తడి ఉన్నంతసేపు మట్టి ముదురు ఎరుపు. ఎండ పడ్డాక ఇటుక రంగు, ఆరిన అంచుల్లో ఆవపిండి పసుపు. మూడు పెన్సిళ్ళు ఒకదాని మీద ఒకటి రుద్దితే గానీ దగ్గరకు రాలేదు. గండి లోపలి నీడ మాత్రం కుదిరింది, చాలా సంతోషంగా ఉంది. ఈ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. చుట్టుపక్కల నేల చదును చేస్తున్నట్టు విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. వేల ఏళ్ళు గాలీ సముద్రమూ కలిసి పేర్చినదాన్ని పొక్లెయిన్ ఒక్క వారంలో మాయం చేస్తుంది. మళ్ళీ కట్టించలేం.

భీమిలిలో ఇడ్లీ తిని, డచ్చివాళ్ళ సమాధుల పక్క నుంచి, గోస్తని నది సముద్రంలో కలిసేచోటికి వెళ్ళాను. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "కానాగంత చేపలు ఉంటే తెండి, చింతపండు నానేస్తాను. ఎండెక్కక ముందే వచ్చెయ్యండి" అంది. చేపల గంప దగ్గర కూర్చున్నామె, "బాబూ, బండి మీద ఎండ తగలనీకు, తడిగుడ్డ కప్పు" అని తనే సంచిలో సర్ది ఇచ్చింది.

సాయంత్రం మేడ మీద బీరపాదు దగ్గర గడిపాను. బీరపూలు సాయంత్రమే విచ్చుకుంటాయి. మా మేడ మీదికి తేనెటీగలు తక్కువ, అందుకని మగపువ్వు కోసి, చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి నేనే పుప్పొడి అద్దుతాను. ఇలా అద్దినవి నిలబడుతున్నాయి, వారంలో కోతకు వచ్చే కాయలు కనిపిస్తున్నాయి.

పొద్దున భీమిలి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంజన్‌లో సన్నగా టకటక వినిపించింది. టాపెట్లు, అంటే వాల్వుల్ని కదిపే భాగాల సందు, చూడాలి. వేడి మీద చెయ్యకూడదు, ఇంజన్ పూర్తిగా చల్లారాక పక్క మూత విప్పి, పుష్‌రాడ్లు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. పానాలు తుడిచి, పాత పేపరు మీద పరిచి పెట్టాను. పొద్దున కాఫీ తాగగానే అదే పని.