కైకకి నల్లచీర కట్టించింది నేనే

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు ఇక్కడి తెలుగు క్లాసు పిల్లలతో రామాయణం నాటకం వేయించారు. ఆడపిల్లలందరూ సీత వేషం కావాలన్నవాళ్ళే. మాది తెలుగు కాస్త గట్టిగా పలుకుతుందని దానికి కైకేయి ఇచ్చారు. నేనే నల్లచీర కట్టి, కాటుక కళ్ళ కొసలు దాటేలా దిద్ది, "రెండు వరాలూ ఇప్పుడే కావాలి!" అన్నాక పగలబడి నవ్వమని నేర్పించాను. హాలంతా చప్పట్లు. తిరిగొస్తుంటే కార్లో వెనక సీట్లోంచి అడిగింది: "అమ్మా, ఆవిడెందుకు నవ్వింది?"

"చెడ్డది కాబట్టి" అన్నాను.

ఇప్పుడు దానికి పదిహేనేళ్ళు. పోయిన నెల లైబ్రరీ నుంచి వైష్ణవి పటేల్ ఇంగ్లిషు నవల 'కైకేయి' తెచ్చుకుంది. 2022లో వచ్చిన పుస్తకం, కైక తన కథ తనే చెప్పుకుంటుంది. రెండు రాత్రుల్లో ముగించేసి అన్నం తింటూ అంది: "నువ్వు నాకు సగం రామాయణమే చెప్పావు."

కోపమొచ్చింది నాకు. ఈ దేశంలో పెరుగుతున్న పిల్లకి మన కథ నేను చెప్పాలి గానీ, ఈ దేశంలో అచ్చయిన పుస్తకం చెప్పడమేమిటన్న ఉక్రోషం. "అదంతా కల్పితం. అసలు రామాయణంలో అలా లేదు" అనేశాను.

"అసలుది నువ్వు చదివావా?"

చదవలేదు. నాకు తెలిసిందల్లా అమ్మ చెప్పినదీ, సినిమాల్లో చూసినదీ. నాన్న ఇచ్చి పంపిన వాల్మీకం, తాత్పర్యంతో సహా, సూట్‌కేసు అడుగున వచ్చి అలమరలో పై అరకెక్కింది. దించాం. రోజూ రాత్రి కొంచెం కొంచెంగా అయోధ్యకాండ: నేను చదివి చెప్పడం, అది నోట్సు రాసుకోవడం.

మొదటి దెబ్బ నాకే. రథం ఇరుసులో వేలు పెట్టిన కైక వాల్మీకంలో లేదు. శంబరుడితో యుద్ధంలో స్పృహ తప్పిన దశరథుణ్ణి రణరంగం నుంచి తప్పించి కాపాడుతుంది, అంతే. రాముడి పట్టాభిషేకమని మంథర చెప్పగానే సంతోషం పట్టలేక నగ తీసి బహుమానమిస్తుంది. "మా నాటకంలో ఈ సీను లేదే" అంది మా అమ్మాయి. భరతుడు ఊళ్ళో లేనప్పుడే పట్టాభిషేకం అయిపోవడం మంచిదని దశరథుడు రాముడితో అంటాడు. కేకయరాజుకి పిలుపే వెళ్ళదు. ఎందుకో చిత్రకూటంలో గానీ తెలియదు: కైకని చేసుకునేటప్పుడు ఆమె తండ్రికి మన నాన్న రాజ్యాన్నే శుల్కంగా ఇస్తానని మాటిచ్చాడని రాముడే భరతుడికి చెబుతాడు. శుల్కమంటే ఏమిటో చెప్పడానికి నాకు గురజాడ దాకా వెళ్ళాల్సొచ్చింది.

మమ్మల్ని ఆపేసింది మాత్రం దశరథుడి మంత్రి సుమంత్రుడి దెప్పిపొడుపు. కైక తండ్రికి జంతువుల, పక్షుల మాటలు అర్థమయ్యే వరముంది. ఒక రాత్రి పడుకుని ఏదో పక్షి కూత విని నవ్వుతాడు. తనని చూసే నవ్వాడనుకుని భార్య కారణమడుగుతుంది. చెబితే నా ప్రాణం పోతుందంటాడు. బతికినా చచ్చినా సరే చెప్పమంటుంది. ఆమెని వెళ్ళగొట్టేస్తాడు. ఇదంతా నిండు సభలో కైక మొహం మీదే చెప్పి, మగపిల్లలు తండ్రిని పోలతారు, ఆడపిల్లలు తల్లిని పోలతారు, వేపచెట్టు తేనె కారుస్తుందా అంటాడు. తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని అని మనవాళ్ళనే మాటే. నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో అన్నారది, మెచ్చుకోలుగానే.

మా అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. "అంటే ఈవిడ తల్లి లేకుండా పెరిగిందన్నమాట. ఆ విషయం తిట్టడానికి తప్ప ఇంకెక్కడా చెప్పరా?"

అలాగని నవల నాకు పూర్తిగా నచ్చిందని కాదు. అందులో కైక చేసిన ప్రతిదానికీ ఓ మంచి కారణం దొరుకుతుంది. వాల్మీకంలో ఆవిడ నారచీరలు తనే స్వయంగా తెచ్చి, అంతమందిలో సిగ్గు లేకుండా కట్టుకోమంటుంది. ఆ చేతుల్ని కడిగేస్తే మిగిలేది కైక కాదు. ఈ మాటే అన్నాను. "దశరథుడికైతే మునిశాపం ఉంది పాపం అంటావు. ఈవిడకి కారణం చెబితేనే నీకు కష్టం" అంది. ఇంకా సమాధానం వెతుక్కుంటున్నాను.

పంచవటి దాకా వెళ్ళాక ఇంకోటి దొరికింది. లక్ష్మణుడు కైకని ఏదో అనబోతే, నడిమి అమ్మని నిందించొద్దని రాముడు ఆపేస్తాడు. ఆయనే వద్దన్నాక నల్లచీర ఎక్కణ్ణుంచి తెచ్చానో నేను.

అమ్మకి ఇదంతా నచ్చదనుకుని వీడియోకాల్‌లో భయపడుతూనే చెప్పాను. అమ్మ నవ్వి, ఊర్మిళాదేవి నిద్ర పాటలో రెండు చరణాలు పాడింది. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన మొగుణ్ణి పరాయివాడనుకుని ఊర్మిళ ఎడాపెడా దులిపేసే పాట. "ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయే? మేం పాడుకున్నాం, అంతే." ఓల్గా కథలో సీతా శూర్పణఖా స్నేహితులవుతారని, ఆ కథ ఉన్న 'విముక్త' సంపుటికే 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని నేను చెబుతుంటే, మా అమ్మాయి నన్ను పక్కకి నెట్టి ఫోన్ లాక్కుంది.

"అమ్మమ్మా, కైకేయి వాళ్ళమ్మ పేరేంటి? సుమంత్రుడు చెప్పలేదు."

"ఏమో తల్లీ, నేనెప్పుడూ వినలేదు."

"వెళ్ళగొట్టాక ఎక్కడికెళ్ళింది?"

"పుట్టింటికే వెళ్ళుంటుంది."

"మరి చిన్నపిల్ల?"

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"రేపు ఇదే టైముకి చెయ్యమ్మా. చెబుతాను."