స్ట్రక్చర్ సైజు మారితే కంపైలరే ఆపాలి

సీ లైబ్రరీ పబ్లిక్ హెడర్‌లో ఒక స్ట్రక్చర్ పెట్టామంటే, దాని సైజు కూడా వాడేవాళ్లకు మనం ఇచ్చిన మాటే. వాళ్లు దాన్ని తమ స్టాక్ మీద పెట్టుకుంటారు, తమ స్ట్రక్చర్లలో ఇముడ్చుకుంటారు. తర్వాతి రిలీజ్‌లో అది 24 బైట్ల నుంచి 32కి పెరిగిందనుకోండి. పాత హెడర్‌తో కంపైలైన ప్రోగ్రామ్ 24 బైట్లే కేటాయిస్తుంది, కొత్త లైబ్రరీ 32 బైట్లూ నింపేస్తుంది. పక్కనున్న వేరియబుల్ పాడవుతుంది. తప్పు ఒకచోట, క్రాష్ ఇంకెక్కడో.

అందుకే సైజు మారితే కంపైల్ దశలోనే ఆగేలా చెక్ పెట్టాలి. కంపైల్‌కి ముందు నడిచే ప్రీప్రాసెసర్‌కి టైపులు తెలియవు కాబట్టి, ఇఫ్ డైరెక్టివ్‌లో సైజాఫ్ (టైపు సైజు చెప్పే ఆపరేటర్) పనిచేయదు. షరతు తప్పితే కంపైల్‌ని ఆపేసే స్టాటిక్ అసర్ట్ (సీ11లో వచ్చింది) వాడాలి. పాత కంపైలర్లకైతే, షరతు తప్పితే సైజు -1 అయ్యే అర్రేని ఫైల్ స్థాయిలో ఎక్స్‌టర్న్‌గా డిక్లేర్ చేస్తే చాలు, మైనస్ సైజు అర్రేని కంపైలర్ ఒప్పుకోదు. అదే ఉపాయాన్ని ఫంక్షన్ లోపల లోకల్ అర్రేగా రాయకండి. షరతు స్థిరాంకం కాకపోతే కంపైలర్ దాన్ని వేరియబుల్ లెంగ్త్ అర్రే (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు సైజు తేలే అర్రే) అనుకుని వదిలేస్తుంది, చెక్ ఉన్నా లేనట్టే.

చెక్‌లో 24 అని అంకె రాయండి. ఫీల్డుల సైజాఫ్‌లను కూడి పోలిస్తే, టైపు మారినప్పుడు రెండు వైపులా కలిసే మారతాయి. ప్లాట్‌ఫామ్‌ని బట్టి అంకె మారచ్చు: లాంగ్ 64-బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64-బిట్ విండోస్‌లో 4. 32-బిట్ పూర్ణాంకం వెనక 64-బిట్ పూర్ణాంకం ఉన్న స్ట్రక్చర్ 32-బిట్ ఎక్స్86 లైనక్స్‌లో 12 బైట్లు, 64-బిట్‌లో 16.

సైజు ఒక్కటే చూస్తే సరిపోదు. ఒక క్యార్, దాని తర్వాత 4 బైట్ల ఇంట్ ఉంటే మొత్తం 8 బైట్లు, మధ్యలో 3 బైట్ల ప్యాడింగ్, అంటే కంపైలర్ వదిలే ఖాళీ. ఆ ఖాళీలో ఒక షార్ట్ చేర్చినా సైజు 8గానే ఉంటుంది. రెండు ఇంట్‌లను అటూఇటూ మార్చినా అంతే. అందుకే ప్రతి ఫీల్డ్‌కీ ఆఫ్‌సెటాఫ్ (ఫీల్డ్ ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పేది) చెక్ కూడా ఉండాలి. ఖాళీలు ఎక్కడున్నాయో చూడటానికి, డీబగ్ సమాచారంతో కంపైల్ చేసిన ఫైలు మీద పాహోల్ అనే టూల్ నడపండి.

ఈ చెక్‌లను లైబ్రరీ సోర్స్ ఫైల్లో మాత్రమే పెట్టడం నా దృష్టిలో సగం పనే. వాడేవాళ్ల బిల్డ్‌లో స్ట్రక్చర్లను ప్యాక్ చేసే ఫ్లాగో, ఈనమ్‌లను కుదించే ఫ్లాగో ఉండచ్చు. మన హెడర్‌కి ముందు వచ్చిన వేరే హెడర్ ప్రాగ్మా ప్యాక్ 1 (ప్యాడింగ్ వదలొద్దనే ఆదేశం) పెట్టి తిరిగి తీయడం మరిచిపోయి ఉండచ్చు. మన బిల్డ్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది, తేడా వాళ్ల బిల్డ్‌లోనే ఉంటుంది. చెక్ హెడర్‌లో ఉంటే అక్కడే ఆగిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఈ కీవర్డ్ రూపం వేరు కాబట్టి ఒక మ్యాక్రో వెనక దాచండి.

పాత బైనరీ కొత్త లైబ్రరీతో కలిసే సందర్భాన్ని మాత్రం ఏ కంపైల్ టైమ్ చెక్కూ పట్టలేదు. దానికి, వాడేవాళ్లు ఎంత కేటాయించారో లైబ్రరీకి తెలిసేలా స్ట్రక్చర్‌లోనే సైజు ఫీల్డ్ ఉంచాలి. లైనక్స్‌లో పనితీరు కొలవడానికి వాడే పర్ఫ్ ఈవెంట్ ఆట్రిబ్యూట్ స్ట్రక్చర్ చేసేది ఇదే, దాని మొదటి వెర్షన్ సైజు 64 బైట్లు. లేదా స్ట్రక్చర్‌ని ఒపేక్ పాయింటర్ (లోపలి ఫీల్డులు వాడేవాళ్లకు కనిపించని పాయింటర్) వెనక దాచేయాలి.

చెక్ విఫలమైనప్పుడు 24ని 32 చేసి కమిట్ చేసేయకండి. ముందే వదిలిన రిజర్వ్‌డ్ ఫీల్డ్ ఉంటే అందులో సర్దండి, లేకపోతే సో-నేమ్ (ప్రోగ్రామ్ లైబ్రరీని వెతుక్కునే పేరు) వెర్షన్ పెంచి, ఆ తర్వాతే అంకె మార్చండి.