రెండు రూపాయల వడ్డీ, వంద చింతపిక్కలు

కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతిలో పరపతి గురించిన పాఠం మొదలుపెట్టిన రోజున నల్లబల్ల మీద షావుకారు వడ్డీ రెండు రూపాయలు, బ్యాంకు పంట రుణం వడ్డీ 7 శాతం అని రాసి, ఏది చౌకో చెప్పమన్నాను. తరగతి అంతా షావుకారు వైపే చేతులెత్తింది. "రెండంటే ఏడు కంటే తక్కువే కదండీ మాస్టారూ" అన్నాడు ముందు వరుసలోని కుర్రవాడు.

అది వాళ్ళ తప్పు కాదు. మన వైపు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని ఎవరూ విడమరచి చెప్పరు. బ్యాంకువారు ఏడాది లెక్క తప్ప మరొకటి మాట్లాడరు. సార్వా (వానాకాలపు వరి) పెట్టుబడికి 20,000 రూపాయలు ఆరు నెలలకు తెచ్చామనుకుని పిల్లల చేతనే లెక్క కట్టిస్తే, షావుకారుకు 2,400, బ్యాంకుకు 700 తేలింది. అప్పుడొక అమ్మాయి లేచి, తన తండ్రి కౌలుకు చేస్తారనీ, బ్యాంకులో అప్పు పుట్టదనీ చెప్పింది. 2019 నాటి చట్టం కౌలుదారుకు, పంట రుణం అడగడానికి పనికొచ్చే 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తుందని చెప్పాను గాని, దానికి కావలసిన భూయజమాని సంతకం దొరకడం ఎంత కష్టమో ఆ పిల్లకు నా కంటే బాగా తెలుసు.

మరునాటి నుంచి చీటీ పాట పెట్టాను. పదిమంది సభ్యులు, తలా పది చింతపిక్కలు, రోజుకొక నెల. నిర్వాహకుడిని నేనే, నా కమీషన్ అయిదు పిక్కలు. ఒక్కొక్కరికి ఒక్కో అవసరం రాసిన కాగితం ఇచ్చాను; నారుమళ్ళ ఖర్చు అని రాసిన కాగితం అందిన కుర్రవాడు మొదటి రోజే 25 పిక్కలు తగ్గించి పాడుకుని 75 పట్టుకుపోయాడు. నా అయిదూ పోగా మిగిలిన 20 పిక్కలు తలా రెండు చొప్పున అందరికీ పంచాను. ఆఖరి దాకా ఆగినవారికి పాట లేకుండానే 95 వస్తాయని తెలిసేసరికి, అవసరం ఉన్నవాడి నష్టమే ఆగగలిగినవాడి లాభమని పిల్లలకు ఇట్టే అర్థమైంది.

నేను అనుకోనిది మూడో రోజు జరిగింది. ఆ 75 పిక్కల కుర్రవాడు అంతర్వేది తీర్థానికని వెళ్ళి బడికి రాలేదు. అతని వాటా ఎవరు కట్టాలన్న దానిపై పెద్ద రభస జరిగి, చివరకు అందరూ నా వైపు తిరిగారు. "కమీషన్ తీసుకుంటున్నది మీరే కదండీ!" న్యాయమైన మాటే, నిజమైన చీటీల్లోనూ ఆ బాధ్యత నిర్వాహకుడిదే. డబ్బాలోంచి పది పిక్కలు లెక్కపెట్టి ఇచ్చాను. మరుసటి పాటకు ముందే, పాడుకున్నవారు ఇద్దరు జామీనుదారులను చూపించాలని పిల్లలు నల్లబల్ల మీద రాసి పెట్టారు.