నేనేడున్న బిడ్డా?

నా మొదటి డాక్యుమెంటరీ నిడివి 43 నిమిషాలు. పూర్తి కావడానికి మూడేళ్లు పట్టింది. షూటింగ్ రోజులన్నీ కలిపినా ఇరవై దాటవు. మిగతా కాలమంతా డబ్బులు కూడబెట్టుకోవడానికి, ఎడిటింగ్‌కి, చేసింది చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడానికే సరిపోయింది.

విషయం నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్, పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసేది. మాదీ ఆ జిల్లానే, కాకపోతే దేవరకొండ టౌన్. చిన్నప్పుడు మర్రిగూడ వైపు పెళ్లిళ్లకు వెళ్తే అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార చూసి, వీళ్లు సరిగ్గా తోముకోరేమో అనుకునేవాణ్ని. పన్ను తయారయ్యే వయసులోనే ఆ మరక పడుతుందని, తర్వాత ఎంత తోమినా పోదని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ సిగ్గు కూడా నన్ను ఈ సినిమాకు తోసిందేమో.

2017 వేసవిలో అద్దె కెమెరాతో దిగాను. డెబ్బై దాటిన ఒక అవ్వ ఇంటి ముందు మోదుగాకులతో విస్తర్లు కుడుతూ కనిపించింది. నడుము విల్లులా వంగిపోయింది, మోకాళ్లు చాపలేదు. చేతులు మాత్రం ఆగవు. ఆకు మీద ఆకు పెట్టడం, చీపురు పుల్ల గుచ్చడం, మిగిలిన కొస తుంచేయడం. నన్ను చూసి ఒక్క పుల్ల కూడా వృథా చేయలేదు. నేను కెమెరాను నేలకు ఆనించి ఆమె కాళ్లే తీశాను. సాయంత్రపు ఎండలో షాట్ అద్భుతంగా వచ్చింది.

అవ్వ నలభై నిమిషాలు మాట్లాడింది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నేను చదువుకుని వెళ్లిన లెక్క. ఆమెకు తెలిసిన లెక్కలు వేరు: ఏ బోరు ఎంత లోతు, ఏ నీళ్లలో పప్పు ఉడకదు. ‘కాచి తాగమంటరు, కాస్తే యాడికి పోతది?’ అంది. నిజమే, నీళ్లు ఆవిరైతే ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, పటిక, సున్నంతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ ఆఫ్రికా దాకా వెళ్లింది. ఆ రకం ప్లాంటు ఒకటి తమ ఊళ్లో ఎలా నడిచిందో, పటిక కలిపే మనిషికి జీతం ఆగాక ఎలా మూలపడిందో అవ్వ పూస గుచ్చినట్టు చెప్పింది.

అదంతా కట్ చేశాను. బోర్ కొడుతుందని.

రఫ్ కట్, అంటే తొలి ఎడిటింగ్ ప్రతి, మొదట హైదరాబాద్‌లో ఫ్రెండ్ రూములో వేశాను. కాళ్ల షాట్లు, వెనక పిల్లనగ్రోవి. ఇద్దరు ఏడ్చారు. అవార్డు ఖాయం అనుకున్నాను. మా సౌండ్ రికార్డిస్ట్ ఒక్కడే అడిగాడు, ‘వాళ్లకు చూపించావా?’ అని.

అవ్వ వాకిట్లో గోడకు దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. మొదట ఒకరినొకరు తెర మీద చూసుకుని నవ్వులు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. అయిపోయాక అవ్వ అంది: ‘నా కాళ్లే కనవడ్తున్నయ్ గని, నేనేడున్న బిడ్డా?’ కాసేపాగి, ‘ఆ పిల్లనగ్రోవి ఎందుకు? ఎవరన్న సచ్చిపోయిండ్రా?’

తల ఎత్తలేకపోయాను. తిరిగొస్తుంటే బస్సులో డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ 1985లో తీసిన ‘బాంబే అవర్ సిటీ’ గుర్తొచ్చింది. అందులో గుడిసె కోల్పోయినవాళ్ల మధ్య ఒకామె, మమ్మల్ని సినిమా తీసి నీకొరిగేదే తప్ప మాకేమిటని ఆయన్నే నిలదీస్తుంది. ఆయన ఆ షాట్ తీసేయలేదు. ఫిల్మ్ క్లబ్‌లో చూసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనిమిది నెలలు మళ్లీ ఎడిటింగ్. పిల్లనగ్రోవి పోయింది. అవ్వ మాటలు ఆరు నిమిషాలు పెట్టాను, ముఖం మీదే. ‘నేనేడున్న’ అన్న మాట కూడా ఉంచాను, అదృష్టవశాత్తు సౌండ్ రికార్డిస్ట్ ఆ రాత్రి మైక్ ఆపలేదు. రెండు ఫెస్టివల్స్ వద్దన్నాయి. ఫర్వాలేదు అనుకున్నానని రాస్తే అబద్ధం, వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత సెన్సార్. డాక్యుమెంటరీకి కూడా సర్టిఫికెట్ కావాలని చాలామందికి తెలియదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా వేసే ఏ సినిమాకైనా కావాలి. పట్వర్ధన్ డాక్యుమెంటరీ ‘వార్ అండ్ పీస్’కు సెన్సార్ వాళ్లు 21 కట్స్ అడిగితే ఆయన బొంబాయి హైకోర్టుకు వెళ్లి, 2003లో ఒక్క కట్ లేకుండా తెచ్చుకున్నాడు. ఆ కథ తలుచుకుని నేను ఒక లాయర్ నంబర్ కూడా దగ్గర పెట్టుకున్నాను. సినిమా చూశాక లోపలికి పిలిచారు. ఏమీ తీయమనలేదు, యు ఇచ్చారు. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశ కూడా కలిగింది.

2019లో మళ్లీ అదే వాకిలి, అదే దుప్పటి. ఈలోగా ఊళ్లోకి మిషన్ భగీరథ పథకం మంచినీళ్ల నల్లాలు వచ్చాయి. వంగిన నడుములు వంగినట్టే ఉన్నాయి. అవ్వ తన ఆరు నిమిషాలూ రెప్ప వేయకుండా చూసి, నన్ను దగ్గరికి పిలిచింది.

‘పటిక లెక్క జెర తప్పు చెప్పిన బిడ్డా. ఇంకోపారి తియ్యరాదు?’

సర్టిఫికెట్ వచ్చాక సినిమాలో ఏది మార్చినా మళ్లీ సెన్సార్‌కు చెప్పాలి. ఆమెకు అదంతా చెప్పలేదు. బ్యాగులోంచి కెమెరా తీశాను.